82 వాల్వా, 74 వాల్వా

మా ఇంట్లో దాన్ని ఎవరూ థర్మోస్టాట్ అనరు. వాల్వు అంటారు. అబ్బా అట్లాగే అంటాడు, షెడ్డులో భాయి అట్లాగే అంటాడు, సామాన్ల దుకాణం వాళ్లూ అంతే. అరచేతిలో ఇమిడిపోయే ఇత్తడి ముక్క అది. నడుమ ఒక బుడిపె, చుట్టూ స్ప్రింగు, అంచు మీద ఒక నంబరు కొట్టి ఉంటుంది. చదవాలంటే కిటికీ దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ నంబరు 82 ఉండాలా, 74 ఉండాలా, అసలు వాల్వే ఉండకూడదా అని మా ఇంట్లో ఎండాకాలమంతా తకరార్ నడిచింది.

కారు అబ్బాది. అంబాసిడర్, మార్క్ ఫోర్, పెట్రోలు బండి. రాయచోటి స్టాండులో టాక్సీగా తిరిగి తిరిగి మా చదువులూ, ఆపా షాదీ, ఇంటి పైకప్పూ అన్నీ ఆ బండే మోసింది. మోకాళ్లు అరిగిపోయాక అబ్బా తాళం నా చేతిలో పెట్టాడు. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. స్టీరింగు పక్కనే ఉండే ఆ గేరు రాడ్డుకి అలవాటు పడడానికి నెల పట్టింది గానీ, పడ్డాక దాని మీద మొహబ్బత్ పోదు.

ఇంజను 1489 సీసీ. ఇంగ్లండులో మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ అనే కారు నుంచి మన హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు తెచ్చుకున్న నమూనా ఇది. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో ఆపేసేదాకా దాని షకల్ సూరత్ పెద్దగా మారలేదు. ఇంజనుది బీఎంసీ కంపెనీ వాళ్ల బి సిరీస్ ఖాన్‌దాన్. అదే ఖాన్‌దాన్‌లోని పెద్ద ఇంజను ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారులో ఉండేది. ఈ చుట్టరికం ఎందుకు చెప్తున్నానంటే, మా తకరార్‌కి ఫైసలా చేసింది ఒక రకంగా ఆ ఎంజీబీ పుస్తకమే.

అమ్మీకి రెండేళ్ల నుంచి డయాలిసిస్. వారానికి రెండుసార్లు కడపకి పోవాలి. రాయచోటి నుంచి కడప ఏభై కిలోమీటర్ల దూరం. పొద్దున పోయేటప్పుడు ఫికర్ లేదు. చల్లగా ఉంటుంది, పైగా గువ్వలచెరువు దాటాక ఘాటు దిగుడే. తిరిగొచ్చేటప్పుడే అసలు ఇమ్తిహాన్. మధ్యాహ్నం రెండు గంటలకి, బయట 43 డిగ్రీల్లో, అమ్మీ వెనక సీటులో పడుకుని ఉండగా ఆ ఘాటు ఎక్కాలి. అద్దె కారు వారానికి రెండుసార్లంటే నా జీతం హిసాబ్ తప్పుతుంది. బస్సులో ఆమె కూర్చోలేదు. అంబాసిడర్ వెనక సీటు మాత్రం ఆమె పొట్టి మనిషి కాబట్టి మంచంలాగా సరిపోతుంది.

మే మొదటి వారంలో ఘాటు సగంలో బండి ఉడికింది. సూది ఎర్రగీత దాటింది, ముందు నుంచి ఆవిరి లేచింది. పక్కకి ఆపి చెట్టు లేని చోట ముప్పావు గంట నిలబడ్డాం. వేడి మీద రేడియేటర్ మూత తిప్పకూడదని నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అబ్బా కుడి ముంజేతి మీద అరచేయంత మచ్చ ఉంది, చిన్నప్పటి నుంచి చూస్తున్నా. చల్లారాక డిక్కీలోని క్యాను తీసి పోశాను. బండి నాలుగు లీటర్లు తాగింది. వెనక అమ్మీ ఆ నీళ్ల చప్పుడు వింటోంది. డయాలిసిస్ మనుషులకి రోజుకి ఇన్ని నీళ్లే అని కొలత ఉంటుంది. ఆమె వాటా పొద్దున్నే సగం అయిపోయింది. బండికి క్యాను ఎత్తి పోస్తున్నా, అమ్మీకి మాత్రం సీసా మూతతో పెదాలు తడిపాను. ఆమె ఏమీ అనలేదు. "పోయ్యి, దానికి పోయ్యి, పాపం" అంది అంతే.

ఆ సాయంత్రమే మూడు మాటలు వచ్చాయి.

భాయి అబ్బాకి శాగిర్దు. పదేళ్ల వయసులో స్పానర్లు అందించడానికి వచ్చినవాడు, ఇప్పుడు ఆ షెడ్డుకి అతనే ఉస్తాద్. అతని మాట ఒక్కటే. "వాల్వు తీసి పారేద్దాం బేటీ. మన ఎండలకి వాల్వు ఎందుకు? అది చలి దేశపోళ్ల సామాను." అబ్బా మాట వేరు. పాతకాలంలో ఎండాకాలం రాగానే 74 వాల్వు వేసేవాళ్లమని, చలికాలానికి మార్చేవాళ్లమని, ఇప్పుడా నంబరు ఎవడూ అడగట్లేదని. బెంగళూరు నుంచి తమ్ముడు ఫోన్లో మూడో మాట. బండి అమ్మేయమని. ఆ మాట అబ్బాకి చెప్పలేదు.

వాల్వు లోపల ఏం జరుగుతుందో నేను పిల్లలకి ఏటా చెప్తాను, వ్యాకోచం పాఠంలో. ఆ బుడిపెలో మైనం ఉంటుంది. నీళ్లు ఒక వేడికి రాగానే మైనం కరుగుతుంది. కరిగితే ఉబ్బుతుంది, ఉబ్బితే లోపలి కడ్డీని తోస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. అప్పుడు ఇంజను నీళ్లు రేడియేటర్‌కి పోతాయి. చల్లబడితే స్ప్రింగు తలుపు మూసేస్తుంది. అంచు మీది నంబరు తలుపు కదలడం మొదలయ్యే డిగ్రీ. పూర్తిగా తెరుచుకోవడానికి ఇంకో పది, పదిహేను డిగ్రీలు కావాలి. 82 వాల్వు అంటే 95 దగ్గర బార్లా తెరుచుకుంటుంది, 74 వాల్వు 88 దగ్గర.

దీన్ని షాదీఖానా దర్వాజా దగ్గరుండే దర్బాను అనుకోండి. భోజనాలయ్యాక గేటు ఎప్పుడు తీయాలనేది అతని ఇష్టం. కానీ గేటు పూర్తిగా తీశాక జనం ఎంత జల్దీగా పోతారనేది అతని చేతిలో లేదు. అది బయటి గల్లీ వెడల్పుని బట్టి ఉంటుంది. గల్లీలో లారీ అడ్డం పెట్టి, గేటు పది నిమిషాలు ముందు తీశాం గదా అంటే ఏం లాభం? ఇంజను వేడి ఎంతకి తగ్గకూడదో వాల్వు చెప్తుంది. ఎంతకి పెరగకూడదో చెప్పడం దాని పని కాదు. అది రేడియేటర్, ఫ్యాను, పంపు, ఈ ముగ్గురి జిమ్మేదారీ. ఘాటులో మా సూది ఎర్రగీత దాటిందంటే అప్పటికి 82 తలుపైనా, 74 తలుపైనా బార్లా తెరుచుకునే ఉండాలి. ఒకవేళ వాల్వు చెడి మూసుకుని బిగుసుకుపోయి ఉంటే తప్ప.

అది తేల్చాలంటే ఉడకబెట్టి చూడాలి. అమ్మీ దేగ్చీ తీసుకున్నా. స్కూలు ల్యాబు నుంచి థర్మామీటరు తెచ్చా. వాల్వు అడుగుకి తగలకుండా దారంతో వేలాడదీయాలి, లేకపోతే గిన్నె అడుగు వేడి దాన్ని మోసం చేస్తుంది. ఇంకో కిటుకు, అబ్బా చెప్పిందే. తలుపు సందులో ఒక దారం ఇరికించి ఆ దారంతోనే వేలాడదీస్తే, తలుపు కదిలిన క్షణాన వాల్వు జారి పడుతుంది. కళ్లు పెట్టి కూర్చోనక్కర్లేదు. అమ్మీ మంచం మీద నుంచి తల ఎత్తి చూసి, "నా దేగ్చీలో మోటారు సామానా! యా అల్లా, ఈ పిల్లకి చదువెక్కువై పోయింది" అని గుక్కతిప్పుకోకుండా తిట్టింది. ఆ ఓపిక చూసి మాకందరికీ ఖుషీ అయింది, నిజానికి.

82 దాటీ దాటకముందే టప్పున పడింది. రెండోసారి, మూడోసారి కూడా అంతే. 94కి బార్లా తెరుచుకుంది. వాల్వు బేకసూర్.

మరి ఖూనీకోర్ ఎవరు? పొద్దున్నే బండి స్టార్ట్ చేసి వేడెక్కాక ఆపేసి, రేడియేటర్ ముందు భాగాన్ని చేత్తో తడిమి చూశా. మీరూ చూడొచ్చు, ఫ్యాను రెక్కలు ఆగాకే సుమా. పైన కాలుతోంది, ఎడమ వైపు కింద మూల మాత్రం చల్లగా ఉంది. అంటే అక్కడి గొట్టాల్లో నీళ్లే పోవట్లేదు. మా ఊరి బోరు నీళ్లు చాయ్ గిన్నెకే తెల్లటి సున్నం పొర కట్టిస్తాయి. ఏళ్ల తరబడి అవే నీళ్లు ఆ సన్నటి గొట్టాల్లో పోస్తే ఇంకేమవుతుంది? ఫ్యాను బెల్టు కూడా వదులుగా ఉంది. ఈ బండిలో కరెంటు ఫ్యాను లేదు, పంపు ఇరుసు మీదే ఫ్యాను. బెల్టు జారితే గాలీ తగ్గుతుంది, నీళ్ల పరుగూ తగ్గుతుంది, ఒకేసారి రెండు నష్టాలు. రేడియేటర్ మూత మీది రబ్బరు కూడా పగిలి ఉంది. ఆ మూత మీద 7 అని ఉంటుంది. అంత ప్రెషరు నిలబెడితే నీళ్లు 100కి బదులు 111 దగ్గర మరుగుతాయి. రబ్బరు పోయిందంటే ఆ పదకొండు డిగ్రీలూ గాయబ్.

రేడియేటర్ విప్పి, టంకం కరిగించి తాంకీ ఊడదీసి, గొట్టాల్లో చువ్వలు దూర్చి శుభ్రం చేయించాం. సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలింది. కొత్త బెల్టు, కొత్త మూత. బోరు నీళ్లు బంద్. కూలెంటు, బ్యాటరీ నీళ్లు కలిపి పోశాం. పాత 82 వాల్వునే పెట్టి, అమ్మీ లేకుండా నేనూ భాయీ మధ్యాహ్నం రెండింటికి ఘాటు ఎక్కాం. సూది నడిమి కంటే కాస్త పైన నిలిచింది. ఎర్రగీత జోలికి పోలేదు.

అక్కడితో కిస్సా ఖతం కావాలి. కాలేదు. అబ్బా ఒప్పుకోలేదు. "లోడు లేదు. అమ్మీ లేదు, డిక్కీలో సామాను లేదు. ముందు లారీ పడితే ఫస్టు గేరులో పోవాలి. అప్పుడో?" అన్నాడు. ముప్పై ఏళ్లు ఆ ఘాటు ఎక్కినవాడి తజుర్బా అది. దాన్ని పాఠ్యపుస్తకంతో కొట్టేయడం నాకు చేతకాదు. కాబట్టి హిసాబ్ వేశాను.

74తో ఘాటు మొదలుపెడితే 82 కంటే 8 డిగ్రీలు కింద నుంచి మొదలుపెడతాం. ఆ 8 డిగ్రీల గుంజాయిష్ ఎంతటిది? నీళ్లు ఆరేడు లీటర్లు అనుకుంటే వాటిని 8 డిగ్రీలు వేడి చేయడానికి ఏభై కిలోకేలరీలు. ఇంజను ఇనుము నూరు కిలోలు అనుకుందాం, ఇనుముకి నీళ్లతో పోలిస్తే తొమ్మిదో వంతు వేడి చాలు, అదొక తొంభై. మొత్తం 140. లీటరు పెట్రోలు కాలితే వచ్చేది ఎనిమిది వేల కిలోకేలరీలకి కాస్త తక్కువ. అందులో పావు వంతు నీళ్లలోకి దిగుతుందనుకుంటే దాదాపు రెండు వేలు. అంటే ఆ 8 డిగ్రీల గుంజాయిష్ విలువ 70 మిల్లీలీటర్ల పెట్రోలు. మన హోటల్లో ఒక చాయ్ గ్లాసు.

రేడియేటర్ పూర్తిగా మూసుకుపోయి ఉంటే ఆ చాయ్ గ్లాసు ఒక మలుపు కూడా దాటించదు. 74 వేసినా, వేయకపోయినా ఒకటే. అదే రేడియేటర్ బాగుండి, ఫస్టు గేరులో లారీ వెనక పోయేటప్పుడు పదో వంతు మాత్రమే వెనకబడుతుంటే? అప్పుడు ఒక గ్లాసు పది గ్లాసులవుతుంది. 700 మిల్లీలీటర్లు. ఘాటు ఎక్కడానికి మా బండి తాగేది దాదాపు అంతే. అంటే శిఖరం దాకా సరిపోతుంది. చెడిన బండిని 74 బాగు చేయదు, బాగున్న బండికి మాత్రం కొంచెం సబర్ ఇస్తుంది. ఈ లెక్క చూపిస్తే అబ్బా కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "నేను చెప్పిందే గదా, నువ్వు గ్లాసుల్లో చెప్పినావు" అన్నాడు.

ఇంకో షక్ నాలో మిగిలింది. ఇంజనుకి 74 నష్టం చేస్తుందా? అక్కడే ఎంజీబీ పుస్తకం అక్కరకొచ్చింది. ఆ ఖాన్‌దాన్ ఇంజన్లకి కంపెనీవాళ్లే మూడు నంబర్లు రాసి పెట్టారు. మామూలుకి 82, వేడి దేశాలకి 74, చలి దేశాలకి 88. అబ్బా చెప్పిన పాత రివాజు ఎవరో స్టాండులో పుట్టించింది కాదు, తయారు చేసినవాళ్ల మాటే. పైగా మా బండిది కార్బొరేటరు. నీళ్ల వేడి చూసి పెట్రోలు కొలత మార్చే కంప్యూటరు అందులో లేదు. ప్రయాణం ఏభై కిలోమీటర్లు, కాబట్టి ఆయిలు కూడా బాగా కాగుతుంది. రెండు కిలోమీటర్లు పోయి ఆగిపోయే బండైతే నేను 74 వేసేదాన్ని కాదు. చల్లగా తిరిగే ఇంజనులో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, సిలిండర్ గోడల మీద చెమ్మ పడుతుంది, అదంతా ఆయిల్లోకి దిగుతుంది. ఆయిల్ మూత తీస్తే లోపల పాల మీగడలాగా అంటుకుని ఉంటుంది చూడండి, అదే.

భాయి వాల్వే వద్దంటే నేను ఒప్పుకోనిది అందుకే. అతని మాట పూర్తిగా గలత్ అని కాదు. వాల్వు మూసుకుని బిగుసుకుపోతే గంటలో హెడ్డు గ్యాస్కెట్టు పోతుంది. అలాంటివి అతను ఎన్నో చూశాడు. తీసేసిన బండ్లు వాటి పాటికి అవి తిరుగుతూనే ఉన్నాయి. కానీ డిసెంబరులో పొద్దున ఆరింటికి అమ్మీని తీసుకుని బయల్దేరితే, వాల్వు లేని ఇంజను గువ్వలచెరువు దాకా చల్లగానే ఉంటుంది. చోకు లాగి పట్టుకుని పోవాలి. అరుగుదల ఇవాళ కనబడదు, రెండేళ్ల తర్వాత పొగలో కనబడుతుంది. కొన్ని ఇంజన్లలో ఇంకో పేచీ ఉంది. వాల్వు అడుగున రెండో బిళ్ల ఉంటుంది, పై తలుపు తెరుచుకునే కొద్దీ అది అడ్డదారిని మూస్తుంది. అలాంటి వాల్వు తీసేస్తే కొంత నీరు రేడియేటర్ మొహం చూడకుండా ఇంజనులోనే చుట్టు తిరుగుతుంది. చల్లబడుతుందని తీస్తే ఇంకా ఉడుకుతుంది.

74 దొరకడమే కష్టమైంది. కడపలో అడిగితే "అన్నీ ఒకటే మేడమ్" అని నంబరే లేనిది చేతిలో పెట్టారు. ఇంకోచోట 88 ఇచ్చి 82 అన్నారు. కిటికీ దగ్గర చదివి వెనక్కిచ్చేశా. చివరికి తమ్ముడు బెంగళూరు జేసీ రోడ్డులో పాత సామాన్ల ముసలాయన దగ్గర పట్టుకున్నాడు. డబ్బా మీద దుమ్ము, లోపల మాల్ కొత్తది. దేగ్చీలో వేశా, 75 దగ్గర పడింది. ఒకటి రెండు డిగ్రీల తేడా ఈ మైనం సామానుకి మామూలే.

వాల్వు తెచ్చిచ్చిన తమ్ముడికి తన కారుకి కూడా ఒకటి వేసుకోవాలని షౌఖ్ పుట్టింది. కొత్త కారు, కంప్యూటరు బండి. అమెరికావాళ్లు 160 ఫారిన్‌హీట్ వాల్వు వేస్తారట, అంటే మన 71, పికప్ బాగుంటుందట. వద్దన్నాను. అక్కడ ఆ తక్కువ నంబర్లకి పాత కథ ఉంది. ఒకప్పుడు గడ్డకట్టకుండా రేడియేటర్లో మెథనాల్ కలిపేవాళ్లు. అది 65కే మరుగుతుంది కాబట్టి తక్కువ డిగ్రీల వాల్వు జరూరత్. ఇప్పటి కూలెంటుకి ఆ బాధ లేదు. తమ్ముడి కారులో కరెంటు ఫ్యాను, అది 95 దాటితే గానీ తిరగదు. బెంగళూరు ట్రాఫిక్‌లో నిలబడ్డాక 71 వాల్వు ఉన్నా నీళ్లు 95కి ఎక్కాల్సిందే. హైవే మీద పోతుంటేనేమో నీళ్లు చల్లగా ఉండిపోతాయి. ఇంజను ఇంకా వేడెక్కలేదనుకుని కంప్యూటరు పెట్రోలు పెంచుతుంది, కొన్నాళ్లకి డాష్‌బోర్డు మీద లైటు వెలిగించి పి 0128 అని కోడు చూపిస్తుంది. ఆ కోడుకి మతలబే అది, నీళ్లు వాల్వు నంబరు దాకా రావట్లేదని. "నీ బండికి ఎంత వేడి కావాలో దానికి తెలుసు, నువ్వు దఖల్ ఇవ్వొద్దు" అన్నా. అబ్బా పక్క నుంచి "అమ్మమన్నాడే, ఇప్పుడు చూడు" అన్నాడు. ఆ ఫోను సంగతి ఆయనకి ఎట్లా తెలిసిందో!

జూన్ మొదటి మంగళవారం 74 బిగించాం. కొన్ని వాల్వుల అంచులో సన్నటి చిల్లు, అందులో వదులుగా ఆడే చిన్న పిన్ను ఉంటాయి, గాలి పోవడానికి. అవి పై వైపుకి రావాలి. లేకపోతే గాలి బుడగ లోపల నిలిచి సూది అబద్ధాలు చెప్తుంది. గురువారం అమ్మీతో తిరిగొస్తుంటే ఘాటులో ముందు గ్రానైట్ లారీ పడింది. కిందటి మలుపు నుంచి పైదాకా ఫస్టు, సెకండు గేర్లే. సూది నడిమి దాటింది, ఇంకాస్త ఎక్కింది, అక్కడ ఆగి అటూ ఇటూ వణికింది. పైకి చేరాక దిగడం మొదలుపెట్టింది. గువ్వలచెరువులో కోవా దుకాణాల ముందు ఆపాను, బండి కోసం కాదు, నా చేతులు ఆడుతున్నాయి. అమ్మీ లేచి కూర్చుని, "ఏం, మళ్లీ నీళ్లడుగుతోందా?" అంది. లేదన్నా. "అయితే పిల్లలకి పావుకిలో కోవా తీసుకో" అని మళ్లీ పడుకుంది.

మైలేజీ కొద్దిగా తగ్గింది, లీటరుకి ఒక అర కిలోమీటరు. మంజూర్. 82 వాల్వుని నూనె గుడ్డలో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టాను, నవంబరులో వేయాలి. పోయిన వారం భాయి వచ్చి, ఎవరిదో బండికి కావాలి, అది ఇస్తావా బేటీ అని అడిగాడు. ఇవ్వనన్నాను. దానికి బదులు దేగ్చీ ఇచ్చి పంపాను. మోటారు సామాను ఉడికిన గిన్నెలో సాలన్ వండేది లేదని అమ్మీ అప్పుడే కసం తినేసింది కాబట్టి అది మా ఇంట్లో ఊరికే పడి ఉంది. ఇప్పుడు షెడ్డులో స్టవ్వు పక్కన ఉంది, దారంతో సహా.